ప్రధానోపాధ్యాయునకు నిజమైన సన్మానము

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీ వచ్చునప్పటికి మన పాఠశాలలలో మామిడాకుల తోరణములు కట్టుదురు. పిల్లలు తమలో తాము చందా వేసికొని పూలదండయు శాలువయు తెచ్చెదరు. ప్రధానోపాధ్యాయుని సభామధ్యమున కూర్చుండబెట్టి నాలుగు మంచిమాటలు చెప్పి సన్మానింతురు. ఈ ఆచారము మంచిదే. పెద్దలను గౌరవించుట మన యింటి మర్యాద. అయినను, ఆ దండ వాడిపోయిన మరునాడు వారి భారములో మన మెంత పంచుకొంటిమని ఆలోచించుట కూడ మన కర్తవ్యమని మా అభిప్రాయము. తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతముల తెలుగువారికి ఈ ఆలోచన మరింత అవసరము.

ఆ దినమునకు మూలపురుషుడు మన తిరుత్తణి బిడ్డయే. సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు 1888 సెప్టెంబరు 5వ తేదీన ఇచ్చట జన్మించిరి. నాడు ఈ యూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. 1960 ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాష్ట్రమున కలిసినది. ఎల్లలు మారినను ఊరు మారలేదు. ఇచ్చటి చిన్న బడిలో అక్షరములు దిద్దిన బాలుడు తిరుపతిలోను, వేలూరులోను, మదరాసులోను చదివి, 1962లో రాష్ట్రపతి పదవి నలంకరించెను. శిష్యులును మిత్రులును జన్మదినోత్సవము జరుపబూనగా, దానిని తమ పేర గాక ఉపాధ్యాయుల పేర జరుపుడని వారు కోరినట్లు ప్రసిద్ధి. తమకు వచ్చిన గౌరవమును తమ వృత్తికి మరలించిరి. సన్మానము వ్యక్తితో ఆగక, ఆ వ్యక్తి చేయు పనికి చెందవలెనని దీని తాత్పర్యము.

వారిని విద్యార్థు లెంత ప్రేమించిరో మైసూరు చెప్పును. 1921లో వారు కలకత్తా విశ్వవిద్యాలయమునకు పోవునపుడు, శిష్యులు బండికి పూలు కట్టి, గుఱ్ఱములకు మారుగా తామే లాగి రైలు స్టేషనుకు చేర్చిరి. ఆజ్ఞాపించిన నెవ్వరును బండి లాగరు. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నున్నపుడు హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వంటి యువ పండితులను వాల్తేరునకు రప్పించిరి. పిల్లలకు మంచి గురువులను వెదకి తెచ్చుటయు పరిపాలనలో భాగమే గదా.

తెలుగుదేశమున ఇట్టి పరిపాలకునకు మరియొక నిదర్శనము రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. సికిందరాబాదు మహబూబు కళాశాలకును, పిదప కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకును వారు అధ్యక్షులైరి. ఆడపిల్లలకును, అంటరానివారని సంఘము దూరముంచిన కులముల పిల్లలకును కళాశాల తలుపులు తెరచిరి. కాకినాడలో అనాథలకు నీడ కల్పించిరి. శిష్యుల నడవడియే తమ పరీక్షాఫలితమని వారి నమ్మకము. వారిని స్మరించుట బిరుదులను బట్టి కాదు, ఆ తెరచిన తలుపులను బట్టియే.

ఇక మన పాఠశాలలను చూతము. మేము పొరుగున నున్న ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణము పొంది ఇచ్చటికి వచ్చినవారము. ఆ శిక్షణమున పాఠశాలా పరిపాలన యను విషయము చదివితిమి. హాజరుపట్టీలు, కాలపట్టిక, జమాఖర్చులు, తనిఖీలు అందు కలవు. తొమ్మిదవ తరగతి పిల్లవాని తండ్రి టి.సి. కోరి వచ్చి గుమ్మమున నిలిచినపుడు ఏమి చెప్పవలెనో ఆ పుస్తకములలో లేదు. దానిని మేము నేర్చినది ఇచ్చటి ప్రధానోపాధ్యాయులను చూచియే.

పదుమూడు మొదలు పదునారేండ్ల వరకు గల వయస్సు కఠినమైనది. అపుడు పిల్లవాడు ఇంట మాటాడడు, బయట ఆగడు. పొదటూరుపేట, అమ్మయ్యారుకుప్పము వైపు మగ్గము పిలుచును. శ్రీపెరుంబుదూరు వైపు కర్మాగారము పిలుచును. చేతిలోని సెల్‌ఫోను రేయింబవళ్లు పిలుచును. ఆడపిల్లకు పెండ్లిమాటలు మొదలగును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వారికి ఉచిత నిర్బంధ విద్యను విధించినది. ఆ వయస్సు దాటగనే చట్టము పట్టు సడలును. సరిగా ఆ చోటనే ప్రధానోపాధ్యాయుడు చేయి పట్టుకొనవలెను. ఆ చేయి పట్టువారు పురుషులైనను స్త్రీలైనను, “ఇంకొక్క రెండేండ్లు ఓపిక పట్టుమయ్యా, పిల్లవాడు పది గట్టెక్కును” అని వారు తండ్రికి చెప్పు మాట వలన ఒక జీవితము మలుపు తిరుగును. ఆ మాటను ఏ రిజిష్టరులోను వ్రాయరు.

మన బడులలో వారికి మరియొక భారము కలదు. అది భాషా భారము. మాతృభాషలో విద్యకు రాజ్యాంగములోని 350ఎ అధికరణము చెప్పు సౌకర్యము ప్రాథమిక దశకు సంబంధించినది. ఉన్నత పాఠశాలను నిలుపునది విద్యార్థుల సంఖ్యయే. 2006 నాటి తమిళాభ్యసన చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలు ఏటేటా పైతరగతులకు తమిళము తప్పనిసరి యైనది. పదవ తరగతి పరీక్ష విషయమున అల్పసంఖ్యాక భాషల పిల్లలకు న్యాయస్థానములు కొన్ని వత్సరములలో మినహాయింపులు నిచ్చినవి. ఈ సందిగ్ధములో పిల్లలకు దారి చెప్పువారెవరు? “తమిళము నిష్ఠతో నేర్వుము, అది నీవు బ్రతుకు నేల భాష, ఆంగ్లము నేర్వుము, అది పైచదువునకు నిచ్చెన, తెలుగు విడువకుము, అది నీ తల్లి మాట” అని మూడింటికిని తగవు లేకుండ చెప్పగల పెద్ద యుండిననే పిల్లవాడు ఏ భాషనైనను ద్వేషింపక పెరుగును.

కొందరు ఇట్లనుచున్నారు: “ప్రధానోపాధ్యాయుడు జీతము తీసికొను ఉద్యోగి. నేడిచ్చట, రేపు బదిలీపై వేరొకచోట. ఆయనను ఇంతగా పొగడనేల? పొగడ్త ముఖస్తుతి యగును గదా?” ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. వట్టి పొగడ్త పొగడినవానికిని పొగడబడినవానికిని చేటే. బెత్తమునకు భయపడి పిల్లలు చేతులు కట్టుకొనుట గౌరవము కాదు. కాని జీతము పనిగంటలకే చెల్లును. సాయంకాలము బడి విడిచిన పిదప, రాని పిల్లవాని యిల్లు వెదకికొని పోవుటకు జీతములో పద్దు లేదు. ఆ పనిని ఊరు గుర్తింపకపోయినచో, తరువాత వచ్చు అధికారి దానిని చేయవలసిన దని యెట్లు తెలిసికొనును? మంచిపనిని గుర్తించుట గతించినదానికి కృతజ్ఞతయే కాదు, రాబోవువారికి దారి చూపుట కూడ.

కావున మా మనవి యిది. తల్లిదండ్రులారా, శాలువకు తోడుగా, జూను మాసమున మీ యింటి బిడ్డను ఈ బడిలో చేర్పించుడు, పొరుగింటివారికిని చెప్పుడు. తరగతిలో పిల్లలు లేకున్న ఉపాధ్యాయుని ఖాళీ పూరింపుడని ప్రధానోపాధ్యాయుడు పైవారిని అడుగజాలడు. ఉపాధ్యాయ రక్షకసంఘ సమావేశమునకు పిలిచినపుడు కూలి పోవునను బెంగ యున్నను ఇంటి కొకరైనను రండు. పూర్వవిద్యార్థులారా, మీరు చెన్నపట్నమున ఉద్యోగమున నున్నను, ఏడాది కొకమారు వచ్చి పదవ తరగతి పిల్లల యెదుట నిలిచి, ఈ బడి నుండి మీరెట్లు పైకి వచ్చితిరో చెప్పుడు. ఆ అరగంట పిల్లలకు మా పది పాఠముల పెట్టు.

విద్యార్థులారా, మీకు చెప్పవలసినది స్వల్పమే. వారు పిలిచి మందలించినపుడు ముఖము ముడుచుకొనకుడు. తోటివాడు మూడు దినములు బడికి రాకున్న, ఆ సంగతి మొట్టమొదట తెలియునది మీకే. వెంటనే వారి చెవిన వేయుడు. వానిని మరల తరగతిలో కూర్చుండబెట్టుటలో మీకును పాలుండును. ఆ దినమున మీ ప్రధానోపాధ్యాయులకు కలుగు సంతోషము ఏ పూలదండ వలనను కలుగదు.

ఈ సంవత్సరమును తోరణములు కట్టుడు, దండలు వేయుడు. మేమును మీతో నిలిచి చప్పట్లు చరచెదము. పిదప, ఒక్క పిల్లవాడును పదవ తరగతికి ముందు టి.సి. కొరకు ఆ గుమ్మము తొక్కని వత్సరము నొకదానిని వారికి కానుకగా నిచ్చుటకు మనమందరము పూనుకొందము.