సూరంజాన్, అడవినాభి

గోపాలపట్నం పక్కనే నిలిచిన సింహాచలం కొండ తూర్పు కనుమలలోనిది. అక్కడ మంచు కురవదు. అయినా యునానీ వైద్యం తెలిసిన మన ఇళ్లలో ఒక మంచుకొండల మొక్క పేరు తరతరాలుగా వినిపిస్తోంది. అదే సూరంజాన్. కీళ్లనొప్పులకు హకీములు చెప్పే మందులలో ఇది ప్రసిద్ధమైనది. ఇబ్నె సీనా సైతం తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో దీనిని పేర్కొన్నారు.

కాశ్మీరు కొండవాలులలో మంచు కరిగే ఫిబ్రవరి, మార్చి నెలలలో నేలను అంటుకొని ఒక పసుపు పువ్వు విచ్చుకుంటుంది. శాస్త్రజ్ఞులు ఆ మొక్కను కాల్చికమ్ లూటియం అంటారు. ఎండలు ముదిరేసరికి ఆకులు ఎండిపోతాయి. ఆపై మొక్క ప్రాణమంతా నేలలోని దుంపలోనే నిలిచి ఉంటుంది. చేదుగా ఉండే ఈ దుంపనే యునానీలో సూరంజాన్ తల్ఖ్ అంటారు. తియ్యని రకమైన షీరీన్ వేరు. తల్ఖ్‌ను హకీములు ఎక్కువగా పైపూతకే వాడతారు.

ఈ మొక్కకు మన కనుమలలోనూ ఒక బంధువు ఉంది. అది అడవినాభి. వేసవిలో ఇదీ దుంపగా నేలలో దాగి, వానలు పడగానే మొలకెత్తి, ఆకుల కొసలతో పొదలను పట్టుకొని పైకి పాకుతుంది. దీని పువ్వు పసుపు రంగులో విచ్చుకొని క్రమంగా ఎర్రబడుతుంది. దుంప నాగలి ఆకారంలో ఉంటుంది కనుక సంస్కృతంలో దీనిని లాంగలి అన్నారు. ఒకటి మంచుకు, మరొకటి ఎండకు తట్టుకొనేందుకు నేలలో దాగుతున్నాయి. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటిలోనూ ఉన్న పదార్థం ఒకటే, కాల్చిసిన్.

1820లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞులు పెల్తియే, కావెంతూ కాల్చికమ్ జాతి మొక్క నుండి ఈ పదార్థాన్ని వేరుచేశారు. గౌట్ అనే కీళ్లవాపుకు నేటికీ వైద్యులు దీనిని ఇస్తున్నారు. తమిళనాడులో రైతులు అడవినాభిని గింజల కోసం పొలాలలో సాగు చేస్తున్నారు. అది ఆ రాష్ట్ర పుష్పం కూడా.

అయితే ఈ మందుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. మోతాదు కొంచెం మించినా ప్రాణానికే ముప్పు. తిన్న కొన్ని గంటలకు గాని వాంతులు, విరేచనాలు మొదలు కావు. వాటిని మామూలు అజీర్ణమని పొరబడి కూర్చుంటే మూత్రపిండాలు, గుండె దెబ్బతినవచ్చు. కనుక కొండ మీద తవ్విన దుంపను చిలగడదుంప అనుకొని వండడం గాని, ఎవరో చెప్పారని కీళ్లనొప్పికి నూరి తాగడం గాని ఎన్నడూ చేయరాదు. పెరట్లో అందం కోసం ఈ తీగను పెంచేవారు పిల్లలకు దాని సంగతి ముందే చెప్పి ఉంచాలి. ఎవరైనా పొరపాటున తింటే వాంతుల కోసం ఎదురుచూడక, మొక్క ముక్కను కూడా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మరొక మాట. దుంపను తవ్వితే మరుసటి ఏడు మొలకెత్తవలసిన మొక్కే పోతుంది. అల్లాహ్ ప్రతి మొక్కకూ దానికి తగిన చోటును ప్రసాదించాడు. కొండ మీది పువ్వును అక్కడే చూసి ఆనందిద్దాం. మందు అవసరమైతే అర్హులైన హకీమునో, వైద్యునినో అడిగి, వారు చెప్పిన కొలతలోనే తీసుకుందాం.