తీర్పు అందరిదీ, తలకట్టు ఎవరిది?

చట్టానికి స్త్రీ కనబడదని మనం ఎన్నో ఏళ్లుగా రాస్తూ వస్తున్నాం. ఆ మాటలో నిజముంది, కానీ సగమే. తీర్పులు వెతుక్కుని చదివితే చాలాచోట్ల స్త్రీ ఉంది. ఆమె చాకిరీ ఉంది, దానికి కట్టిన ఖరీదు ఉంది, ఆ ఖరీదు మరీ తక్కువని న్యాయమూర్తి పడ్డ ఇబ్బంది కూడా ఉంది. ఆమె లేనిది తీర్పు దగ్గరికి చేర్చే దారిలో. హెడ్‌నోట్‌లో లేదు, డైజెస్ట్‌లో లేదు, పుస్తకం చివర విషయ సూచికలో లేదు. అక్కడ లేని మనిషి తీర్పులో ఉన్నా లేనట్టే. ఎందుకంటే లా లైబ్రరీలో ఎవరూ మొదటి సంపుటం నుంచి వరసగా చదువుకుంటూ పోరు. సూచిక ఎటు చూపిస్తే అటు పోతారు.

సాహిత్యం చదువుకున్న మనకి ఈ సరంజామా కొత్త కాబట్టి కొంచెం చెప్పాలి. కోర్టు ఇచ్చిన తీర్పును లా రిపోర్టులో అచ్చువేసేటప్పుడు, దాని పైన సంపాదకులు కొన్ని పేరాల్లో సారం రాస్తారు. అది హెడ్‌నోట్. ఆ సారానికి పైన రెండు మూడు పట్టు మాటలు పెడతారు. ఆ మాటల ప్రకారం కేసుల్ని విషయాల వారీగా పేర్చితే డైజెస్ట్. ఒక్క అంశాన్ని పట్టుకుని అది ఏ కేసులో ఎలా మలుపు తిరిగిందో చెప్పుకుంటూ పోతే అది కేసుల వ్యాఖ్య. అమెరికాలో 1919 నుంచి ఇలాంటి వ్యాఖ్యల్ని సంపుటాలు సంపుటాలుగా వేస్తున్నారు. మన దగ్గర ఆల్ ఇండియా రిపోర్టర్, 1969లో మొదలైన సుప్రీంకోర్ట్ కేసెస్ వకీళ్లకి రోజువారీ దిక్కు. టార్ట్ విషయానికొస్తే 1897లో మొదటిసారి వచ్చిన రతన్‌లాల్, ధీరజ్‌లాల్ పుస్తకం ఇప్పటికీ చదువుతారు. టార్ట్ అంటే ఒప్పందంతో పనిలేకుండా ఒకరు మరొకరికి చేసిన హాని, దానికి కట్టవలసిన పరిహారం. ఏ హాని ఏ పేరు కింద పడాలో నిర్ణయించేది జడ్జి కాదు. ఎక్కడో కూర్చుని ఆ నాలుగు పేరాలు రాసిన మనిషి.

నేనుండేది బీరంగూడలో. ఇక్కడ ఎవరికైనా హాని అంటే మొదట గుర్తొచ్చేది నీళ్లు. పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి పారిశ్రామిక వాడల వ్యర్థాలు నక్కవాగులో కలవడం, నక్కవాగు మంజీరలో కలవడం ఈ ప్రాంతంలో రెండు తరాల కథ. పటాన్‌చెరు శుద్ధి కేంద్రంలో శుద్ధి అయ్యి బయటికొచ్చిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. అంతకు చాలా ముందే, 1990లో, ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టులో రిట్ వేసింది. 2001లో దాన్ని మన హైకోర్టుకి పంపారు. అక్కణ్ణించి అది హరిత ట్రిబ్యునల్‌కి పోయింది.

ఈ కేసులో స్త్రీల గురించి ఏముందో చూద్దామని నేను నగరంలో ఒక లా లైబ్రరీకి వెళ్లాను. స్త్రీలు, హాని, పరిహారం అని అడిగితే అక్కడి ఉద్యోగి నన్ను తిన్నగా కుటుంబ చట్టాల బీరువా దగ్గరికి తీసుకుపోయాడు. విడాకులు, మనోవర్తి, వరకట్నం. ఆయన్ని తప్పుపట్టను. ఆయన బుర్రలో ఉన్నది డైజెస్ట్ పెట్టిన వరసే. స్త్రీకి జరిగే హాని మొగుడి వల్లే జరగాలి, ఇంట్లోనే జరగాలి. ఫ్యాక్టరీ వల్ల, వాగు వల్ల జరిగితే ఆమె ఇక స్త్రీ కాదు, 'ప్రభావిత ప్రజ'.

పేరు పట్టుకుని వెతికితే ఇంకో చిక్కు. అదే సంస్థ పేరుతో కనీసం మూడు కేసులున్నాయి. 1996 ఫిబ్రవరిలో వచ్చింది రాజస్థాన్‌లోని బిఛ్‌ఢీ గ్రామం కేసు. రసాయన పరిశ్రమల వ్యర్థాలతో ఆ ఊరి బావులు పాడైతే, తీర్పు రాసింది మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది సముద్ర తీరం కేసు. మూడోది మనది. మొదటి రెండింటికీ హెడ్‌నోట్లున్నాయి, తర్వాతి తీర్పుల్లో ప్రస్తావనలున్నాయి, పాఠ్యపుస్తకాల్లో పేజీలున్నాయి. మన కేసు ఏళ్ల తరబడి మధ్యంతర ఉత్తర్వులుగానే నడిచింది. మధ్యంతర ఉత్తర్వుకి సారం రాసే ఓపిక ఏ సంపాదకుడికీ ఉండదు. అందుకని పటాన్‌చెరు కోసం వెతికే మనిషి మళ్లీ మళ్లీ బిఛ్‌ఢీలో తేలతాడు.

ఉత్తర్వుల్లోకి పోతే ఏముంది? నక్కవాగు పక్క ఊళ్ల రైతులకి పరిహారం ఎకరాల లెక్కన కట్టారు. మెట్టకి ఒక రేటు, తరికి ఒక రేటు. అంటే పట్టా ఎవరి పేరున ఉంటే హాని వాళ్లదే. వాగు పాడైతే మంచినీళ్ల కోసం ఇంకో మైలు నడిచే మనిషికి పట్టా ఉండదు. నాట్లు లేక, కలుపు లేక కూలి పోగొట్టుకున్న మనిషికి ఉండదు. గేదె ఈసుకుపోతే పాలడబ్బులు పోయిన మనిషికి ఉండదు. ఈ నష్టాలకి ఎకరం కొలత కాదు. కొలత లేనిది పట్టికలోకి రాదు, పట్టికలోకి రానిది ఉత్తర్వులోకి రాదు, ఉత్తర్వులోకి రానిది ఏ సూచికలోకి వస్తుంది?

'అలాంటి నష్టాన్ని కొలవడం చట్టానికి చేతకాదు' అనే వాళ్లున్నారు. ఇది అబద్ధం. చేతనైన కేసు ఉంది, అదీ ఫ్యాక్టరీ కేసే. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు కర్మాగారం వ్యవస్థాపక దినోత్సవం నాడు పందిరి అంటుకుని అరవై మంది దాకా చనిపోయారు. స్త్రీలు, పిల్లలు ఎక్కువ. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ప్రశ్న ఇదే: జీతం లేని గృహిణి చనిపోతే పోయిందెంత? ఇంటికి ఆమె చేసే సేవకి తక్కువలో తక్కువ నెలకి 3,000 రూపాయలు కట్టాలన్నారు. 34 నుంచి 59 ఏళ్ల స్త్రీలకి ఏడాదికి 36,000. అంతకంటే పెద్దవాళ్లకి 20,000.

మూడు వేలు అవమానం కాదా అని మిత్రులు అడుగుతారు. అవమానమే. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చేసే చాకిరీకి అది ఖరీదు కాదు. చాకిరీకి ధర కట్టడమే ఆమెని ఆ చాకిరీకి కట్టేయడమని వాదించేవాళ్ల మాటలోనూ బరువుంది. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో కోర్టు లతా వాధ్వాని పట్టుకుని ముందుకి పోయింది. జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీల సరసన ఉత్పాదకత లేని వాళ్లుగా రాశారని అందులో గట్టిగా తప్పుపట్టారు. 2021 జనవరిలో కీర్తి కేసులో మన జస్టిస్ ఎన్.వి. రమణ స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు జీతం లేని ఇంటిపని చేస్తారన్న ప్రభుత్వ సర్వే లెక్కని తీర్పులోకి తెచ్చారు. 2024 ఫిబ్రవరిలో ఇంకో కేసులో, గృహిణి పనికి కట్టే విలువ దినకూలీ కనీస వేతనం కంటే తక్కువ ఉండకూడదన్నారు. ఒక జడ్జికి ముందు జడ్జి దొరికాడు కాబట్టే అవమానం కొంచెం కొంచెంగా తగ్గింది. దొరక్కపోతే ప్రతి విధవా కుటుంబం మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి.

మరి ఈ గొలుసు ఎక్కడ దొరుకుతుంది? మోటారు వాహనాల చట్టం కింద, ప్రమాద పరిహారం లెక్క కింద. అరుణ్ కుమార్, కీర్తి, 2024 కేసు, మూడూ రోడ్డు ప్రమాదాలే కాబట్టి ఫ్యాక్టరీ మంటలో పుట్టిన లతా వాధ్వా కూడా వాటితో పాటు బీమా కంపెనీల అరలోకి చేరిపోయింది. ఈ దేశంలో స్త్రీ శ్రమ విలువ మీద జరిగిన పెద్ద న్యాయచర్చ లారీలూ కార్ల మధ్య ఉంది. కాలుష్యం అరలో ఉన్న వకీలుకి అది తగలదు. పందిరి మంటలో చనిపోయిన ఇల్లాలి పనిని కొలవగలిగిన చట్టం, వాగు పాడై రెట్టింపైన ఇల్లాలి పనిని ఎందుకు కొలవలేదని అడగాలంటే, ఆ రెండు అరల మధ్య ఎవరో ఒకరు ఒక్క వాక్యం రాసి ఉండాలి. ఎవరూ రాయలేదు.

ఇది పాత గొడవ కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగి యాభై మంది దాకా చనిపోయారు. బతుకుతెరువుకి బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాళ్లకి ఏ మినహాయింపూ లేని పూర్తి బాధ్యత ఉంటుందని 1986 డిసెంబరులో ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సూత్రం ప్రతి డైజెస్ట్‌లో ఉంది, ప్రతి విద్యార్థికీ కంఠతా వచ్చు. బాధ్యత ఎవరిదన్నది దొరుకుతుంది. ఏ ఆడమనిషికి ఏం పోయిందన్నది దొరకదు.

సుప్రీంకోర్టే ఇంకో మాట కూడా చెప్పింది. 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో, తీర్పు పాఠం మీద ఎవరికీ సొంత హక్కు లేదు, అది జనానిదంది. ప్రచురణకర్తలు రాసుకున్న హెడ్‌నోట్లు, సంపాదక వ్యాఖ్యలు మాత్రం వేరేవాళ్లు కాపీ కొట్టకూడదంది. అంటే తీర్పు అందరిదీ, తలకట్టు ప్రచురణకర్తది. నేను దీన్ని ఫిర్యాదుగా చెప్పడం లేదు. మూలం అందరిదైనప్పుడు, ఇంకో తలకట్టు పెట్టే హక్కు మనకీ ఉంది.

అది లాయర్ల పని, మనకెందుకు అంటారా? మూలం పట్టుకుని టీక రాయడం ఎవరి పని? కాళిదాసుకి వ్యాఖ్యానం రాసిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిదీ, అవసరం లేనిదీ రాయనని ఆయన పెట్టుకున్న నియమం సంస్కృతం ఎం.ఏ. పిల్లలందరికీ తెలుసు. ఆ నియమం ప్రకారమే పటాన్‌చెరు ఉత్తర్వులకి టీక రాయొచ్చు. ఉన్నది చెప్పాలి. లేనిది ఎక్కడ లేదో వేలుపెట్టి చూపించాలి.

ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో వెతుక్కోవచ్చు కదా అనేవాళ్లకి ఒక్కటే మాట. కంప్యూటర్ మనమడిగిన మాటని వెతుకుతుంది. 'నీళ్లు మోసిన మనిషి' అని ఏ తీర్పూ రాయదు. 'మృతురాలు', 'ఆధారపడినవారు', 'పిటిషనర్' అని రాస్తుంది. అడగాల్సిన మాట తెలిసేది చదివినవాళ్లకే.

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో స్త్రీలు లేక కాదు, వాళ్లని అడిగినవాళ్లు లేకనే తెలియలేదని తేలింది. ఇంగ్లండ్‌లో 2010లో స్త్రీవాద న్యాయ పండితులు పాత తీర్పుల్నే తిరగరాసి పుస్తకం వేశారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో, ఇంగ్లిషు శాఖల్లో ఏటా ఎన్ని ఎం.ఫిల్‌లు, పిహెచ్‌డిలు ఒకే నాలుగు నవలల చుట్టూ తిరిగాయి! అందులో ఒక్కరు నక్కవాగు కేసు ఉత్తర్వులన్నీ వరసగా పెట్టి, ఒక్కొక్కదానికి పది వాక్యాల వ్యాఖ్య తెలుగులో రాస్తే చాలు. స్త్రీ శ్రమ, నీళ్లు, పరిహారం అనే మూడు మాటలు పైన పెట్టి, లతా వాధ్వాని దాని పక్కన చేరిస్తే చాలు. రేపు సంగారెడ్డి కోర్టులో ఏ చిన్న వకీలమ్మో ఆ కాగితం పట్టుకుని లేచి నిలబడుతుంది.