గుండెలోకి గొట్టం: సంతకం పెట్టాలా?

‘మా నాన్నకి మెడ నరంలోంచి గుండెలోకి గొట్టం వేస్తామంటున్నారు సార్, సంతకం పెట్టమంటారా?’ దర్శి నుంచి ఒంగోలు వెళ్లిన ఓ మిర్చి రైతు కొడుకు ఫోన్లో అడిగాడు. ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తాయి. అందుకే ఈ వారం ఇదే రాస్తున్నా.

పెద్ద గుండెపోటు వస్తే కండరం దెబ్బతిని గుండె రక్తాన్ని పంపు చేయలేదు. బీపీ పై అంకె 90 లోపుకి పడిపోతుంది. కాళ్లూ చేతులూ చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. ఇదే కార్డియోజెనిక్ షాక్.

చేతికి చుట్టే పట్టీ బీపీ చెబుతుంది గానీ గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతోందో, ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి ఎంతుందో చెప్పదు. సెలైన్ ఎక్కించాలా, నీరు తీసే మందివ్వాలా తేల్చుకోవడానికి ఈ కొలతలు పనికొస్తాయి. లాస్ ఏంజలెస్ వైద్యులు స్వాన్, గాంజ్ 1970లో తెచ్చిన గొట్టం వాటిని చూపుతుంది. కొసన చిన్న బెలూన్. గాలికి తెరచాప పడవ సాగినట్టు, రక్తప్రవాహమే దాన్ని లోపలికి తీసుకెళ్తుంది.

మరి ప్రాణం నిలబెడుతుందా? 1996లో అమెరికాలో ఐసీయూ రోగులపై వచ్చిన పరిశీలనలో, గొట్టం వేసినవాళ్లలోనే మరణాలు ఎక్కువ. 2020లో 1,414 మంది షాక్ రోగుల లెక్క చూస్తే, పూర్తి కొలతలు తీసినవాళ్లలో తక్కువ. రెండూ రోగుల్ని చీటీలేసి విడదీసి చేసినవి కావు. ఎలాంటి రోగికి వేశారన్నదాన్ని బట్టీ లెక్క మారుతుంది. గొట్టం థర్మామీటర్ లాంటిది. జ్వరం చూపుతుంది, తగ్గించదు. పైగా రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయం కొంత ఉంటుంది.

మూసుకుపోయిన రక్తనాళం తెరవడం వల్ల మేలుందని మాత్రం 1999 నాటి ‘షాక్’ పరీక్ష చూపింది. ముందు మందులతో నెట్టుకొచ్చినవాళ్లలో ఆరు నెలలకి నూటికి 63 మంది పోతే, త్వరగా యాంజియోప్లాస్టీయో బైపాసో చేసినవాళ్లలో 50 మంది పోయారు. అప్పటికీ సగం మంది! ఇది అంత గడ్డు జబ్బు.

అందుకే ఆ అబ్బాయికి మూడు ప్రశ్నలు చెప్పాను. రక్తనాళం తెరిచారా? గొట్టం చూపే అంకెను బట్టి వైద్యంలో ఏం మారుస్తారు? ఎన్ని రోజులు ఉంచుతారు? సూటిగా జవాబొస్తే సంతకం పెట్టొచ్చు.

అసలు షాక్ దాకా రానీయకపోవడం మన చేతుల్లో కొంత ఉంది. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే గ్యాసని సోడా తాగి పడుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. దర్శి నుంచి ఒంగోలు ప్రయాణమే గంట పైన పడుతుంది. కల్లంలో ఆరబోసిన కాయని ఇంకొకరు చూసుకుంటారు.