కత్తిరించిన చిత్రములు

లాలాపేట పిల్లలకు ఆర్ట్సు కళాశాల భవనము క్రొత్త కాదు. తార్నాకకు చేరువనే, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున అది నిలిచియున్నది. 1939లో ప్రారంభమైన ఆ భవనమును గులాబివన్నె రాతితో కట్టిరి. నడుమ ఎత్తైన కమాను ద్వారము, దాని ముందు విశాలమైన మెట్లు, ఇరుప్రక్కల బారులు తీరిన గదులు. ఆ పొడవులోనే దాని గాంభీర్యము గలదు.

ఆ భవనమును గూర్చి ఒక విద్యార్థి పవర్‌పాయింటులో స్లైడ్లు సిద్ధము చేయుచున్నాడనుకొనుడు. 1987లో మాకింటోష్ యంత్రములకై వెలువడిన ఈ సాధనము నేడు బడిపిల్లల చేతికిని వచ్చినది. చిత్రమును ఎంచుకొని, క్రాప్ గుర్తు క్రింది బాణమును నొక్కి, ఆకారముల పట్టికను తెరచినచో వృత్తము, నక్షత్రము, హృదయము, మేఘము వరుసగా కనిపించును. దేనిని నొక్కిన చిత్రము ఆ రూపము దాల్చును. ఇంత సులువైన వేడుకకు ఆశపడని బాలుడుండడు! అతడు నక్షత్రమును ఎంచుకొనెను. ప్రక్క గదులు పోయినవి. మెట్లు సగము పోయినవి. మిగిలినది ఏ ఊరి కట్టడమో తెలియని రాతిముక్క.

ఆకారములన్నియు నిరర్థకములని కాదు. వక్త ముఖమును వృత్తములో నిలిపినచో వెనుకనున్న గందరగోళము తొలగి చూపు ముఖముపై నిలుచును. అయితే వెడల్పైన చిత్రమున వృత్తము కోడిగ్రుడ్డు వలె సాగును. నిష్పత్తిని 1:1గా మార్చినగాని అది గుండ్రనగాదు. ఈపాటి శ్రమకు ఓర్వనివారే యెక్కువ.

పూర్వము ఫొటో స్టూడియోలవారు అండాకారపు కిటికీ గల అట్టను ఛాయాచిత్రముపై నమర్చెడివారు. అట్ట తొలగించినచో చాటునున్న అంచులు మరల కనిపించెడివి. పవర్‌పాయింటు కత్తిరింపును అట్టిదే. కత్తెర పడినట్లు తోచినను, కత్తిరించిన భాగము ఫైలులోనే దాగియుండును. ఫైలును అందుకొన్నవారెవరైనను క్రాప్ నొక్కి దానిని వెలికి తీయగలరు. మార్కుల పత్రముపైనున్న చిరునామానో, ఫోను సంఖ్యనో కత్తిరించితినని నమ్మి పదిమందికి పంపిన విద్యార్థి మోసపోవును. కంప్రెస్ పిక్చర్స్ అను ఆజ్ఞలో, కత్తిరించిన భాగములను చెరిపివేయు ఏర్పాటు గలదు. అసలు చిత్రమును వేరుగా దాచుకొని, పిమ్మట దానిని వాడవలెను.

తరగతి గ్రూపు ఫొటోను హృదయాకారముగా కత్తిరించుట మాత్రము బొత్తిగా తగని పని. హృదయము పైన విశాలమై క్రింద సన్నగిల్లును. కనుక ముందు వరుసలో కొసల కూర్చున్నవారు మొదట మాయమగుదురు. అట్లు కొసలకు ఒదిగి కూర్చుండునది తరచుగా బిడియస్థులైన పిల్లలే. వార్షికోత్సవము నాడు ఆ స్లైడు తెరపై పడినపుడు, ఒక తల్లి తన బిడ్డ ముఖము కొరకు ఆ హృదయమంతయు వెదకును.