వెండి రేణువు, చేతిపంపు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న తెలుగు మాటల ఊరు తర్లగూడ. అలాంటి చోట చేతిపంపు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో కిట్‌లో రంగు చూసి అంచనా కట్టొచ్చు. కచ్చితమైన అంకె కావాలంటే నమూనా ప్రయోగశాలకు వెళ్లాల్సిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పే. కానీ నాలుకకు ఆ తేడా తెలియదు. నల్లగొండ పల్లెల్లో వంగిన నడుములు నేర్పిన పాఠమదే.

పంపు దగ్గరే జవాబు చెబుతుందని ఆశ కలిగిస్తున్న పరికరం ఆప్టికల్ ఫైబర్ సెన్సర్. సన్నటి గాజు తీగ కొసన మెరిసే రంగు పూస్తారు. వెతికే పదార్థం తగిలితే మెరుపు మారుతుంది. చిక్కల్లా, అన్ని దిక్కులకూ చెదిరే ఆ కాంతిలో తీగలోకి తిరిగొచ్చేది పిసరంతే.

ఇక్కడే వెండి, బంగారు నానో రేణువులు అక్కరకొస్తాయి. కాంతి పడగానే వాటి ఎలక్ట్రాన్లు ఒక్కుమ్మడిగా ఊగి, పక్కనున్న రంగు అణువును మరింతగా వెలిగిస్తాయి. దాదాపు 10 నానోమీటర్ల ఎడముంటే లాభం. మరీ అంటుకుంటే లోహమే వెలుగును మింగేస్తుంది.

అమెరికాలోని మేరీల్యాండ్‌లో జోసెఫ్ లాకోవిజ్ బృందం 2000 తర్వాత ఈ పద్ధతికి ఊపు తెచ్చింది. పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థలో సాయి సతీష్ రామమూర్తి బృందం ఫైబర్‌కు బదులు పలుచటి లోహపు పొరలు వాడింది. వెలుగును ఒకే దిక్కుకు మళ్లించి, సెల్‌ఫోన్ కెమెరాతో పట్టే దారి చూపింది.

అడ్డంకులూ తక్కువేం కాదు. వెండి మసకబారుతుంది, బంగారం ఖరీదు. ఫ్లోరైడ్‌ను పట్టే రంగులు చాలావరకు నీటిలో తడబడతాయి. బోరు నీటిలోని ఇనుము లెక్క తప్పించగలదు. ప్రయోగశాలలో నెగ్గడం సగం పనే. అసలు పరీక్ష చేతిపంపు దగ్గరే.