ముసుగు లేనివాడికి పోస్టరేదీ?

ఈ వారం హైదరాబాద్ పాతబస్తీలో, మా షాలిబండలో, ఓ కరెంటు స్తంభానికి కొత్త పోస్టరు వెలిసింది. నల్లటి ముసుగు, మొహం ఉండాల్సినచోట చీకటి, వెనకాల పచ్చటి అంకెల వాన. ‘45 రోజుల్లో ఎథికల్ హ్యాకర్ అవ్వండి’. మా వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు దాన్ని ఫొటో తీసుకొచ్చి చూపించాడు. “అంకుల్, ముప్పై వేలంట. నేర్చుకోనా?” నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు, ఆ ముసుగు మీద. కాపలా నేర్పుతామంటూ దొంగ బొమ్మ వేశారు! కాపలావాడి బొమ్మ వేస్తే ఒక్కడూ చేరడని వాళ్లకీ తెలుసు.

ఎందుకు చేరతాడు? తలుపు తెరుచుకుందంటే హ్యాకర్ ఆ రాత్రికి రాజు. సెక్యూరిటీవాడు మాత్రం రాత్రంతా కూర్చుని లాగులు చూడాలి. లాగులంటే నిక్కర్లు కాదు, ఎవరెప్పుడు లోపలికొచ్చారో కంప్యూటరు రాసిపెట్టే పద్దు. పాస్‌వర్డు మార్చండి మహాప్రభో అని పై అధికారిని బతిమాలాలి. ఏమీ జరగలేదంటే వాడు బాగా పనిచేసినట్టు. ఏమీ జరగనందుకు శాలువా కప్పిన సభ నేనింతవరకు చూడలేదు.

కాపలా లేకపోతే ఏమవుతుందో ఈ ఊరికి చెప్పాలా? 2022 జనవరిలో మహేశ్ బ్యాంకు నుంచి రూ.12.48 కోట్లు ఊడ్చుకుపోయారు. అంతకు రెండు నెలల ముందే ఉద్యోగులకు ఎర ఈమెయిళ్లు వచ్చాయి, నొక్కినవాళ్లు నొక్కారు. మరుసటి ఏడు రిజర్వు బ్యాంకు రూ.65 లక్షల జరిమానా వేసింది. ఆ తర్వాత 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ వంతు. మన ఫోన్ నంబర్లు, చిరునామాలు 150 డాలర్లకు బేరం పెట్టారు. పట్టుబడ్డవాడు ఇరవై ఏళ్ల విద్యార్థి. పాస్‌వర్డు బలహీనంగా ఉండి ఉండవచ్చని పోలీసులే అన్నారు. ఆ పాస్‌వర్డు పెట్టుకున్నదెవరో మాత్రం ఎవరూ అడగలేదు.

చౌక్ దగ్గర ఒక పెద్దాయన మారుతాళాలు చేస్తాడు. ఆయన తీయలేని తాళం నేను చూడలేదు. కానీ ఇంటాయన వచ్చి పక్కన నిలబడితేనే చెయ్యి వేస్తాడు. ఎథికల్ హ్యాకింగు మొత్తం ఇంతే, దీనికి ముప్పై వేలెందుకు? చిక్కల్లా ఇంటాయన ‘నా తాళం గట్టిది, పోరా’ అన్నప్పుడే.

ఇక్కడ నా పాత పాట అందుకుంటాను, విసుక్కోకండి. 2010లో మన హైదరాబాద్ ఇంజనీరు వేమూరి హరిప్రసాద్, మిషిగన్ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్‌తో, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన రాప్ గాంగ్రైప్‌తో కలిసి ఓటింగు యంత్రాన్ని విప్పి, లోపలి భాగం మారిస్తే అంకెలెలా మారతాయో చూపించాడు. ఆగస్టు 21న ముంబై పోలీసులు హరిప్రసాద్ ఇంటికొచ్చి ఆయన్ని పట్టుకెళ్లారు. ఆ యంత్రం దొంగ సొత్తని కేసు. ఎవరిచ్చారో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిందంటారా, ఒప్పుకుంటాను. కానీ వారం తర్వాతే బెయిలు! అదే ఏడు అమెరికాలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయనీర్ అవార్డు ఇచ్చింది. ఇక్కడ లాకప్పు, అక్కడ సన్మానం. ఇది చూసి పెరిగిన పిల్లవాడు లోపం కనిపిస్తే ఎవరికి చెబుతాడు? అనుమతి లేకుండా ముట్టుకుంటే ఐటీ చట్టం 43వ సెక్షన్, దురుద్దేశముందంటే 66, మూడేళ్ల దాకా జైలు. దురుద్దేశం లేదని తేలేది కోర్టులో. అక్కడిదాకా వెళ్లేసరికి వాడి చదువు, వాళ్లమ్మ గాజులు రెండూ అయిపోతాయి.

సరే, మా సెల్‌ఫోన్ల కుర్రాడు బుద్ధిగా ఉద్యోగమే చేస్తానన్నాడనుకోండి. ఆ ఉద్యోగం గచ్చిబౌలిలో ఉంది. మావాడు షాలిబండలో ఉన్నాడు. మెట్రో 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, మూసీ అవతల మమ్మల్ని చూసి ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా అని మొదట గీసిన గీత గీతగానే ఉంది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి వచ్చి పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. శంకుస్థాపనకు టికెట్టు కొని ఎక్కి వెళ్లలేం కదా! రెండు బస్సులు, ఒక ఆటో, రెండు గంటలు. దొంగపనికైతే ఇంట్లో మంచం మీంచి లేవక్కర్లేదు. డిగ్రీ అడగరు, ఇంగ్లిషు అడగరు, ‘పాతబస్తీయా?’ అని ఆ చూపు చూడరు.

ఈ రాష్ట్రంలో సైబర్ మోసాలకు 2024 ఒక్క ఏడాదిలో పోయింది రూ.1,800 కోట్ల పైమాటే. అందులో నాలుగు రాళ్లు ఇటు వేస్తే చాలు. సైబర్ సెక్యూరిటీ బ్యూరో వారికి నా మనవి ఇది. చార్మినార్ చుట్టుపక్కల ఎక్కడైనా ఒక గది తెరవండి. లోపం కనిపెట్టానని వచ్చినవాడి పేరు రాసుకుని, కూర్చోబెట్టి, చాయ్ పోసి, రసీదు ఇవ్వండి. మొదటిరోజు వరుసలో నిలబడేవాడు మా వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు.