షౌక్ మాకుంటే షక్ అవుతుందా?

రైలుబండిని చూడటం కూడా ఒక షౌకే. ఇంగ్లండులో దానికి పేరూ పరువూ ఉన్నాయి. 1942లో ఇయాన్ అలన్ అనే రైల్వే గుమాస్తా ఇంజన్ల నెంబర్లు కూర్చి చిన్న పుస్తకం వేస్తే, పిల్లలు దాన్ని పట్టుకుని ప్లాట్‌ఫారాల చివర గంటలకొద్దీ నిలబడ్డారు. మన పాలమూరోళ్లకు ఆ షౌక్ లేదనుకోకండి. గద్వాల దగ్గర రాయచూరు లైను కర్నూలు లైనును విడిచి పోయే చోటు చూడండి. వనపర్తి రోడ్డు దాటాక కృష్ణ మీద బండి పోతుంటే వినండి. కెమెరా ఉన్నోడి చెయ్యి ఊరుకుంటుందా? నాగర్‌కర్నూలు పిల్లగాళ్లకైతే బండి చూడాలన్నా ముందు బస్సెక్కాలి. గద్వాల నుంచి మాచర్లకు లైను వేయమని అడిగి అడిగి తరాలే మారాయి.

1990లలో మీటర్ గేజ్ పట్టాలు పీకి బ్రాడ్ గేజ్ వేశారు. ఆ చిన్న బండిలో ఎక్కే కదా మన తాతలు పట్నం పోయింది, కూలికి పోయింది. దాని తస్వీర్ మీలో ఎవరింట్లో ఉంది? తీసినోడు లేడు. తీద్దామనుకున్నోణ్ని తీయనిచ్చినోడూ తక్కువే.

ఇంతకీ తీయొచ్చా, తీయకూడదా? 1989 రైల్వే చట్టం చదవండి. పట్టాల మీదికి అక్రమంగా పోతే 147వ సెక్షన్ ఉంది, ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల దాకా జుర్మానా. బాగానే ఉంది, సెల్ఫీ పిచ్చిలో బండి కిందపడి చచ్చేవాళ్లను ఆపాల్సిందే. కానీ టికెట్ కొని ప్లాట్‌ఫారం మీద నిలబడి బండి ఫొటో తీయడం నేరమని చెప్పే సెక్షన్ అందులో లేదు. సినిమా షూటింగులకూ వ్యాపారం పనులకూ సికింద్రాబాదు రైల్ నిలయం అనుమతి కావాలి, అది వేరే సంగతి.

మరి గదమాయించేవాడు ఏ బలంతో గదమాయిస్తాడు? అడిగితే 'సెక్యూరిటీ' అంటాడు. ఇంకా గట్టిగా అడిగితే 1923 నాటి అధికార రహస్యాల చట్టం బయటికి తీస్తాడు. సరే, అదీ చదువుదాం. రైల్వే లైనును నిషిద్ధ స్థలం చేయాలంటే కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించాలి. ఆ ప్రకటన నకలును ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అక్కడ అంటించాలి. ఏదీ ఆ కాగితం? ఏ గోడకుంది?

ఆ చట్టంలోనే మూడో సెక్షన్లో ఇంకో ముక్క ఉంది. దేశానికి కీడు తలపెట్టాడని తేల్చడానికి ఫలానా పని చేసినట్టు రుజువు అక్కర్లేదట. పరిస్థితుల్ని బట్టి, నడతను బట్టి, రుజువైన 'స్వభావాన్ని' బట్టి కూడా తేల్చవచ్చట. స్టేషన్లో నిలబెట్టి అడిగేవాడు ఈ సెక్షన్ చదివి ఉండడు. కానీ అదే పని చేస్తాడు. నా స్వభావం అతనికి ఎట్లా తెలుస్తుంది? పేరడిగితే తెలుస్తుంది!

ఒక స్టేషన్లో జరిగిందే చెబుతాను, ఊరి పేరెందుకు? నేనూ, నాతోపాటు పనిచేసే ఒక శర్మగారూ పక్కపక్కన నిలబడి ఒకే బండిని తీస్తున్నాం. "ఏం సార్, హాబీయా?" అని ఆయన్ని పలకరించారు. నా దగ్గరకొచ్చి పేరడిగారు. చెప్పాను. అంతదాకా 'మీరు' అన్న నోరు 'నువ్వు'కు దిగింది. "ఎందుకు తీస్తున్నవ్? ఎవరికి పంపుతవ్?" కార్డు చూపించినా కెమెరాలో బొమ్మలన్నీ తిప్పించి చూశారు. రూలు రాసి లేని చోట పేరే రూలవుతుంది.

ఇది చిన్న విషయమనే సెక్యులర్ మిత్రులున్నారు. చిన్నదే. పెద్దది కూడా ఇట్లాగే మొదలవుతుంది. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాదులో ముస్లిం యువకుల్ని పట్టుకపోయారు. నిర్దోషులని తేలాక 2012లో ప్రభుత్వం పరిహారమిచ్చింది, మంచి నడత పత్రాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. మంచోడివేనని సర్కారు కాగితం మోసుకు తిరగాల్సిన కౌము మాది. ఆ కాగితాన్ని కెమెరా సంచిలో కూడా పెట్టుకోవాలా?

(మా మౌల్వీసాబులు కొందరు తస్వీరే హరాం అంటారు. అది మా ఇంటి తగాదా, మేం మేం తేల్చుకుంటాం. రైల్వే పోలీసుకు అందులో పని లేదు.)

భద్రత అంటారు. కృష్ణ మీది వంతెనను ఉపగ్రహం నుంచి తీసిన బొమ్మ ప్రతివాడి ఫోన్లో ఉంది. స్టేషన్లలోనే ప్రధానమంత్రి బొమ్మతో సెల్ఫీ పాయింట్లు పెట్టారు. పక్కా కట్టడమైతే ఒక్కోదానికి 6.25 లక్షల రూపాయలని 2023లో మధ్య రైల్వే సమాచార హక్కు కింద చెప్పింది. అంటే కెమెరాతో పేచీ లేదన్నమాట.

ఇంగ్లండు కూడా పులుకడిగిన ముత్యమేం కాదు. 2000 నాటి టెర్రరిజం చట్టం 44వ సెక్షన్ కింద అక్కడా ఫొటోలు తీసేవాళ్లను అనుమానమైనా చూపకుండా ఆపారు, సోదా చేశారు. నల్లవాళ్లనూ ఆసియా వాళ్లనూ ఎక్కువ ఆపారు. ఒక జర్నలిస్టూ మరొకాయనా కోర్టుకెక్కారు. ఆ అధికారం చెల్లదని 2010 జనవరిలో యూరోపియన్ మానవహక్కుల కోర్టు చెప్పింది. స్టేషన్లలో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో అక్కడి రైల్వే రాసి పెట్టింది. ఫ్లాష్ వాడొద్దు, పసుపు గీత దాటొద్దు, అమ్ముకోవడానికైతే అనుమతి తీసుకో. మిగతాది నీ ఇష్టం.

గద్వాల స్టేషన్ అమృత్ భారత్ పథకంలో చేరింది. కొత్త గోడ మీద ఒక బోర్డు రాయించండి. తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లీషులో. ఎక్కడ నిలబడి తీయొచ్చు, ఎక్కడ తీయకూడదు, ఏ చట్టం ప్రకారం తీయకూడదు, అడ్డగిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి. ఆపినవాడు ముందు ఆ బోర్డు చూపించాలి. పేరు తర్వాత అడగొచ్చు.